నడిమి బొమ్మ

మూడో అంతస్తుకి మోసుకెళ్ళాం పెట్టెని, నేనూ యోరిసూ.
రూసలారెలో వాన. లిఫ్టు పాడు.
తలుపు తీసిన పెద్దాయన ముందు మా బూట్ల వంక చూశాడు,
తరవాత అట్టపెట్టె మీది అంకె వంక.
"వంద హెర్ట్జ్. అంటే?"

చెప్పాను, ప్రతి ఇంట్లో చెప్పేదే.
సెకనులో వందసార్లు
తెర తనను తాను తిరగరాసుకుంటుంది.
మీ పాతదానికి యాభై.
అవీ నిండు బొమ్మలు కావు,
బేసి గీతలు ఓసారి, సరి గీతలు ఓసారి.
రెండు సగాల్నీ అతికింది ఇన్నాళ్ళూ మీ కన్నే,
జీతం బత్తెం లేకుండా.

ఆయన నవ్వలేదు.
ఓదీల్ వెర్‌స్టీచెల్. ముప్ఫై ఒక్క ఏళ్ళు
సైకిలు పందేల్లో గీత పక్కన కూర్చున్న మనిషి.
ఎవరి టైరు ముందు తాకిందో
ఫొటో చూసి తేల్చడం ఆయన పని.
"రెప్పపాటంటారే, నాకది చాలా పెద్దది," అన్నాడు.
"అందులో ఒక సంసారం కాపురం పెట్టొచ్చు."

రాళ్ళబాట పందెం పెట్టాం.
హెలికాప్టరు పక్కకి తిరిగేసరికి
పాప్లర్ చెట్లన్నీ అలుక్కుపోయాయి.
"కొత్తదానికీ మసకేనా?"

మసక తెరది కాదండీ, అన్నాను.
తెర ఒక్కో బొమ్మనీ పట్టుకుని
తరవాతది వచ్చేదాకా కదలకుండా నిలబడుతుంది.
మీ కన్ను సైకిలు వెంట పరిగెడుతుంది.
నిలబడ్డదానికీ పరిగెత్తేదానికీ మధ్య రాపిడి అది.
బొమ్మకీ బొమ్మకీ నడుమ
ఇంత చీకటి ఇరికిస్తే తేటపడుతుంది.
వెలుగు కాస్త తగ్గుతుంది, అంతే.

"చీకటి పెడితే తేట,"
కాఫీ చల్లారిపోతుండగా
తనలో తనే రెండుసార్లు అనుకున్నాడు.

ఇంకో దారుంది, అన్నాడు యోరిస్, అమ్మేవాడి గొంతుతో.
రెండు అసలు బొమ్మల మధ్య
ఇది మూడు బొమ్మలు సొంతంగా గీసుకుంటుంది.
నూనె మీద జారినట్టు జారుతుంది ఆట.
పాత సినిమా కూడా
నిన్న పక్కింట్లో తీసినట్టుంటుంది.

"గీసుకుంటుందా? చూడకుండానా?"
"ఊహిస్తుంది."
"మా దగ్గర దాన్ని దొంగసాక్ష్యం అంటారు."
అంటూనే లేచి వెళ్ళి
బీరువాలోంచి ఒక డిస్కు తెచ్చాడు.

ఎనభై నాలుగు, ఆగస్టు. ఊరి చివర తిన్నని దారి.
టేపు మీంచి ఎక్కించిన బొమ్మ, రంగులు కారిపోయాయి.
పసుపు చొక్కా ఒకటి, నీలం చొక్కా ఒకటి.
నీలం ఆయన తమ్ముడు, కమీల్.
ఒక బొమ్మలో గీత ఇంకా ముందుంది.
మరుసటి బొమ్మలో వెనకబడింది.
మధ్యలో జరిగింది ఆనాటి ఫొటోకి తెలుసు.
ఆ ఫొటో చూసే, వెంట్రుకవాసి తేడాకి,
తమ్ముడి పేరు రెండో వరసలో రాసింది ఈ చెయ్యి.
ఆ తరవాత కమీల్
బంగాళాదుంపల ధర మాట్లాడాడు, వాన మాట్లాడాడు,
మోకాలి నొప్పి కూడా.
పందెం మాత్రం ఎత్తలేదు.

డిస్కు తిరిగింది.
"అదిగో," అన్నాడు ఆయన.
నాకేం కనిపించలేదు.
యోరిస్ ఫోన్ తీసి తెరనే వీడియో పట్టాడు,
సెకనుకి రెండువందల నలభై.
నిదానంగా నడిపించాం, ముగ్గురం తలలు దగ్గర చేర్చి.

గీత మీద
పసుపు చక్రం తడిసిన రొట్టెలా విడిపోయి ఉంది.
నీలం టైరు ముందుంది.

జరగలేదు. ఏ కెమెరా తీయలేదు.
రెండు నిజాల మధ్య సందు దొరికితే
యంత్రం తనకి తోచింది కూరింది.

ఆపేద్దామని సెట్టింగుల్లోకి వెళ్ళాను.
ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడింది.
ఎముకలు తేలిన చెయ్యి, వేడిగా ఉంది.

"కమీల్ ఆదివారం భోజనానికి వస్తాడు," అన్నాడు.
"సోమవారం వచ్చి తీసెయ్యి.
కూలీ వేరే ఇస్తాను."

గుమ్మంలో నిలబడి రసీదు మీద రాశాను: సోమవారం, ఉదయం.
పని వివరం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
కింద యోరిస్ హారన్ కొడుతున్నాడు.
బొమ్మ సర్దుబాటు, అని రాసి మెట్లు దిగాను.